పొగను పసిగట్టు యంత్రము

2025 మే 18వ తేదీ ఆదివారము ఉదయము ఆరు గంటల ప్రాంతమున, హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారు చెంతనున్న గుల్జార్ హౌజ్ కడ నొక యింట అగ్ని పుట్టినది. క్రింద ముత్యముల అంగళ్లు, మీద కాపురము. రాకపోకలకు ఇరుకైన మెట్లదారి యొక్కటే. 17 మంది మరణించిరి. అందు 8 మంది పిల్లలు. పెక్కుమందిని చంపినది మంట గాదు, పొగ.

నిద్రించువాని ముక్కు పొగకు మేల్కొనదు. అందులకే ఈ యంత్రము. చిన్న గుండ్రని డబ్బీ. లోనికి పొగ చొరగనే చెవులు గింగురుమనునట్లు కూయును. పొగ పైకి లేచును గనుక దీనిని పైకప్పునకు బిగింపవలయును: ప్రతి పడకగదిలోను, ఆ గదుల వెలుపలను, ప్రతి అంతస్తునను. పొయ్యి చెంత నుంచినచో తాలింపు వేసినప్పుడెల్ల కూసి విసిగించును. విసిగినవారు బ్యాటరీ నూడదీయుదురు, అంతటితో సరి! నెలకొకమారు మీట నొక్కి పరీక్షింపవలయును. పదేండ్లకు క్రొత్తది పెట్టవలయును.

మనలో ననేకులు పిల్లల చదువులకై నగరమున గదులు అద్దెకు గొనుచున్నారు. ఇండ్లు చూపు దళారి అద్దెయు, నీటి వసతియు చెప్పును గాని దీని మాట యెత్తడు. మనమే యడుగవలయును. రెండవ దారి యున్నదా? కిటికీ చువ్వలు లోపలినుండి తెరచుకొనునా? మెట్లక్రింద విద్యుత్తు మీటర్లు, మోటారుబండ్లు క్రిక్కిరిసి యున్నవా? యంత్రము లేనిచో యజమానిచేత పెట్టింపుమని దళారిని నిలదీయుడు. అద్దెలో నూరు రూపాయలు తగ్గించుకొనుటకన్న నిదియే మేలైన బేరము.

కూత వినబడగనే సామాను చూడక, నేలకు వంగి వెలుపలికి వచ్చి, 101కు ఫోను చేయవలయునని పిల్లలకు నేర్పుడు.