పసివాళ్లకూ కీళ్లవాతమా?

కీళ్లవాతం పెద్దవాళ్ల జబ్బనుకుంటాం కదండీ! పదహారేళ్లు నిండకుండానే పిల్లలకూ వస్తుంది. మన పలాస, టెక్కలి తల్లులం పిల్లవాడు కుంటితే "ఆటల్లో బెణికిందిలే" అని తైలం రాసి ఊరుకుంటాం. బెణుకు నొప్పి ఆడేకొద్దీ ఎక్కువవుతుంది. ఈ జబ్బులో పొద్దున్న లేవగానే కీళ్లు బిగుసుకుని, తిరుగుతుంటే సడలుతాయి.

కీలు వాపు ఆరు వారాలైనా తగ్గకపోతే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు. క్షయ, కీలులో చీము, రక్తక్యాన్సరు వంటివి కావని ముందు తేల్చుకుంటారు. తర్వాత, మొదటి ఆరు నెలల్లో ఎన్ని కీళ్లు వాచాయో లెక్క చూస్తారు. నాలుగు వరకూ అయితే ఒక రకం, అయిదూ అంతకు మించీ అయితే మరొకటి. రోజూ జ్వరం వస్తూ, ఒంటిమీద దద్దు కూడా కనిపిస్తే ఇంకొకటి. సోరియాసిస్‌తో వచ్చేది వేరు.

"రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫాక్టర్ లేదన్నారు" అని నిశ్చింతగా ఉండకండి. ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి అది కనబడదు. నొప్పీ ఎరుపూ లేకుండానే కంటిలోపల వాపు వచ్చి చూపు దెబ్బతినవచ్చు. అందుకే కంటి డాక్టరుకూ చూపించాలి.

జ్వరంతో కీలు వాచి, కాలు మోపలేకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. కిడ్నీ జబ్బులతో నలిగిన మన ఉద్దానంలో, డాక్టరు చెప్పనిదే నొప్పి బిళ్లలు మాత్రం వెయ్యకండి తల్లీ!