ఒక చక్రం తిరుగుతుంటే పక్కది ఎందుకు కదలదు?

వానాకాలంలో గురువారం మాచ్‌ఖండ్ దగ్గరి ఒనకఢిల్లీ సంతకు మనుషుల్నీ మూటల్నీ ఎక్కించుకుని వచ్చే జీపు ఎదురు బండికి దారివ్వబోయి రోడ్డు దిగిందంటే, ఎర్రమట్టిలో దిగబడినట్టే. డ్రైవరు ఎక్సలేటరు తొక్కుతాడు. బురదలోని వెనక చక్రం గిర్రున తిరుగుతూ మట్టి చిమ్ముతుంది. తారుమీదున్న రెండో చక్రం మాత్రం ఉలకదు పలకదు. “అది గట్టినేలమీదే ఉందిగా, అదెందుకు నెట్టదు?” అని మాచ్‌ఖండ్ పిల్లలు అడిగితే అది అడగాల్సిన ప్రశ్నే. పెద్దవాళ్లలోనూ చాలామందికి జవాబు తెలియదు.

ఇంజను చేసేది చక్రాన్ని తిప్పడం వరకే. తిరిగే చక్రం నేలను వెనక్కి నెడితే, నేల బండిని ముందుకు నెడుతుంది. అందుకు టైరుకు నేలమీద పట్టు ఉండాలి. టైరు నేలను తాకేది అరచెయ్యంత మేరే. అక్కడ తడి బంకమట్టి ఉంటే అది టైరు గాడుల్లో నిండిపోతుంది. ఇక మట్టిమీద మట్టి జారుతుంది.

మరి ఇంజను బలమంతా తారుమీది చక్రానికే వెళ్లొచ్చుగా? ఇది తెలియాలంటే ముందు ఘాట్‌రోడ్డు మలుపు చూడాలి. బండి పూర్తిగా వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపులో బయటి చక్రం లోపలిదానికంటే ఎక్కువ దూరం తిరగాలి. చక్రాల మధ్య ఎడం 1.4 మీటర్లైతే, ఆ తేడా దాదాపు 4.4 మీటర్లు. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించేస్తే ఏదో ఒకటి రోడ్డును రాచుకుంటూ ఈడ్చుకుపోవాలి. అందుకే వాటి మధ్య డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక పెట్టారు. అది రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది, తిప్పే బలాన్ని మాత్రం రెండింటికీ సమంగా పంచుతుంది.

చిక్కంతా ఆ సమానత్వంలోనే ఉంది. బురదలోని చక్రానికి ఎదురు నిలిచేది ఏమీ లేదు, కాబట్టి కాస్త బలానికే తిరిగిపోతుంది. దానికి అందింది ఎంత కొంచెమో, తారుమీది చక్రానికి అందేదీ అంతే. ఆ కొంచెంతో నిండుబండి కదలదు. ఎక్సలేటరు ఇంకా తొక్కితే పెరిగేది జారే చక్రం వేగమే, గొయ్యి లోతే.

అందుకే అనుభవమున్న డ్రైవర్లు ఎక్సలేటరు వదిలేసి, దిగి, ఆ చక్రం కింద కంకరో ఎండుకొమ్మలో గోనెసంచో వేస్తారు. అక్కడ పట్టు పెరిగితే అవతలి చక్రానికీ బలం అంతే పెరుగుతుంది. హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలమీద పనిచేసే బండిలో దాన్ని కొద్దిగా లాగినా ఫలితం ఇలాగే ఉంటుంది: జారే చక్రానికి ఎదురు దొరుకుతుంది. ఇప్పటి చాలా కార్లలో ట్రాక్షన్ కంట్రోల్ జారే చక్రానికి తనంతట తానే బ్రేకు వేసి ఈ పనే చేస్తుంది.

పట్టులో తేడా బండి కదలడానికే కాదు, ఆగడానికీ అడ్డమే. ఎడమ చక్రాలు బురదలో, కుడి చక్రాలు తారుమీద ఉండగా గట్టిగా బ్రేకు వేస్తే కుడివైపే ఆగడం మొదలవుతుంది, బండి అటు తిరుగుతుంది. ముందు చక్రాలు పట్టు తప్పితే స్టీరింగు తిప్పినా బండి నేరుగా పోతుంది. వెనకవి తప్పితే తోక పక్కకు కొట్టుకుపోతుంది. లోయ అంచున రెండూ ప్రాణాంతకాలే. కాబట్టి దిగుడులో ముందే చిన్న గేరు వేసుకుని, మలుపు రాకముందే వేగం తగ్గించాలి.

మాచ్‌ఖండ్‌లో మంచంటే పొగమంచే. టొరంటోలోనో మినియాపొలిస్‌లోనో ఉండే మనవాళ్లకు మంచు రోడ్డుమీద గడ్డకడుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే పొడి తారుమీద సుమారు 9 మీటర్లలో ఆగే కారు, నున్నటి మంచుగడ్డమీద 60 మీటర్లు దాటిపోవచ్చు. సున్నా డిగ్రీల దగ్గర మంచుపై పలచటి నీటిపొర ఉంటుంది, అందుకే తీవ్రమైన చలిలోకన్నా అప్పుడే ఎక్కువ జారుతుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కొన్నవాళ్లు ధీమాగా ఉంటారు. అది కదలడానికి నిజంగానే మేలు. బ్రేకు మాత్రం ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటుంది, కాబట్టి ఆగే దూరం ఆ బండికీ తగ్గదు.