చక్రవర్తులు నిద్రపోయిన చోటు

రాజభవనాన్ని ఇంగ్లీషులో 'ప్యాలెస్' అంటారు గదా! ఆ మాటకు పుట్టిల్లు రోము నగరంలోని పాలటైన్ కొండ. చక్రవర్తులు కాపురమున్న ఆ కొండ పేరే రానురాను లోకంలోని రాజభవనాలన్నిటికీ పేరైపోయింది.

కొండమీద మేము మొదట చూసింది తొలి చక్రవర్తి ఆగస్టస్ ఇల్లుగా చెప్పే కట్టడం. గొప్పగా ఊహించుకుని వెళ్లాం. తీరా చూస్తే చిన్న చిన్న గదులు! గోడలమీది ఎరుపు, పసుపు రంగుల చిత్రాలు మాత్రం రెండువేల ఏళ్లు దాటినా కళకళలాడుతున్నాయి. ఆగస్టస్ చలికాలమైనా, వేసవైనా నలభై ఏళ్లకు పైగా ఒకే పడకగదిలో నిద్రపోయాడనీ, సాధారణంగా భార్య, కూతురు మొదలైనవారు ఇంట్లో నేసిన బట్టలే కట్టేవాడనీ చరిత్రకారుడు సుటోనియస్ వ్రాశాడు.

"అంత రాజ్యం ఏలి, ఇంటి నేత బట్టలా!" అంది మా ఆవిడ.

తరువాతివాళ్లకు అది చాలలేదు. క్రీ. శ. 64లో రోము తగలబడ్డాక నీరో కట్టించిన బంగారు మేడను ముందురోజే చూశాం. భోజనశాల కప్పులోంచి అతిథులమీద పువ్వులు కురిసేవట. నీరో 68లో చనిపోయాడు. అతని చెరువు ఉన్నచోట కొలోసియం లేచింది. మేడను మట్టితో పూడ్చి, పైన ట్రాజన్ స్నానశాలలు కట్టించాడు. ఇప్పుడు తలకు హెల్మెట్టు పెట్టుకుని ఆ చీకటి గదుల్లోకి దిగాలి. వేసవిలోనూ లోపల చలే!

పాలటైన్ కొండమీద అన్నిటికన్నా పెద్దది డొమిషియన్ భవనం. రబీరియస్ అనే శిల్పి దాన్ని 92 ప్రాంతంలో పూర్తిచేశాడు. కాని యజమానికి కంటిమీద కునుకు లేదు. వెనకనుంచి ఎవరు వస్తున్నా కనబడేలా, తాను పచారు చేసే వసారా గోడలకు అద్దంలా మెరిసే రాళ్లు తాపించాడట. అయిదో గడియలో గండముందని అతని భయం. 96 సెప్టెంబరు 18న వేళ అడిగితే, కుట్రదారులు ఆరో గడియ అని అబద్ధం చెప్పారు. అమ్మయ్య అనుకుని పడకగదిలోకి వెళ్లాడు. చేతికి గాయమైనట్టు కట్టు కట్టుకున్న స్టెఫానస్ అనే ఇంటి ఉద్యోగి, ఆ కట్టులోంచి కత్తి తీసి పొడిచాడు.

అంతమందినీ అద్దపు రాళ్లలో కనిపెట్టి చూసినవాడికి ఎదుటివాడి కట్టులోని కత్తి కనబడలేదు! ఆ భవనపు గోడల చలువరాళ్లు దాదాపు అన్నీ ఊడిపోయాయి. ఎత్తైన ఇటుక గోడలే మిగిలాయి. నలభై ఏళ్లు హాయిగా నిద్రపోయినవాడి ఇంటి గోడలమీద మాత్రం రంగులింకా ఉన్నాయి.