పురుగు ముట్టిన వేళ

ప్రొద్దు గ్రుంకిన పిదప పాము పేరెత్తరాదని, పురుగు అనవలెనని పల్లెలలో పెద్దలు పిల్లలకు నేర్పుదురు. పేరు పలుకుటకే జంకు నేర్చిన బాలుడు, వలదన్న గడ్డివామిలో చేయి పెట్టి కాటు తిన్ననాడు, విషముకన్న తండ్రి తిట్లకే ఎక్కువ వెఱచి, ఎవరికిని చెప్పక ముడుచుకొని పండుకొనుట వింత కాదు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచేత మరణించినవారు సుమారు 12 లక్షలని పరిశోధకుల అంచనా. అందు నాలుగవ వంతుకు మించి పదునైదేండ్లు నిండని పిల్లలే. కావున మొదట బోధింపవలసినది పాముల జాతిభేదములు కాదు, తప్పు చేసియైనను వచ్చి చెప్పగల ధైర్యము.

నాగుపాము, రక్తపింజరి, చిన్నపింజరి కఱచినచో నొప్పియో వాపో సాధారణముగా బయటపడును. కట్లపాము అట్లు కాదు. రాత్రివేళ నేలపై చాప పఱచుకొని నిద్రించువారిని అది కఱచినను గాటు కంటికి ఆనదు. తెల్లవాఱుజామున పిల్లవాడు కడుపునొప్పి యని మూల్గుచు, ఱెప్పలు వాల్చి, మాట ముద్దగా పలుకుచుండ, ఇంటివారు దిష్టి యని యెంచి ఎండుమిరపకాయలు తిప్పుచుందురు. ఇంతలో విషము నరములనుండి కండరములకు పోవు ఆజ్ఞను అడ్డగించి ఊపిరినే స్తంభింపజేయును. మంచముపై పరుండుట, దోమతెర అంచులు పఱుపు క్రిందికి దోపుకొనుట దీనికి చవకయైన రక్ష.

మంత్రముతో మా తాతకు నయమైనది గదా యని పిల్లలు తప్పక అడుగుదురు. నవ్వి త్రోసిపుచ్చరాదు, జెర్రిపోతువంటి విషములేని పాము కఱచినను, విషసర్పమే కఱచి విషము ఎక్కింపక విడిచినను, మంత్రము వేసినను వేయకున్నను మనిషి బ్రతుకునని విప్పి చెప్పవలెను. బిగించి త్రాడు కట్టుట, గాటు కోయుట, నోట పీల్చుట హానికరములు. విఱిగిన యెముకకువలె కఱ్ఱ ఆనించి అవయవమును కదలనీయక, నడిపింపక ఆసుపత్రికి మోసికొనిపోవలెను. గుఱ్ఱములకు విషమును స్వల్పమాత్రలలో ఎక్కించి, వాని రక్తమునుండి తీసిన ఒకే మందు పైన చెప్పిన నాలుగు విషసర్పముల కాటుకును పనిచేయును గనుక, పామును వెంటాడి చంపి వైద్యునికి చూపనక్కఱలేదు.

ఇదంతయు బడి ముంగిట నాటకముగా ఆడింపవచ్చును. పాము వేషమునకే అందఱును పోటీపడుదురు. ఒకడు కాటు తినును, ఒకతె కొలబద్ద కట్టి కాలు నిలుపును, ఒకడు 108కి ఫోను చేయ పరుగెత్తును. తండ్రి వేషము కట్టినవాడు మాత్రము, ఎంత నోరు దురదపెట్టినను తిట్టక, ఎక్కడ ముట్టినది నాయనా యని అడుగుట అభ్యసింపవలెను.