భాగం - 9: ఇంటి ఫైర్‌వాల్ వెనుక ఆన్‌లైన్ ఆటలు – అనుసంధాన దోషాలను గుర్తించడం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు
• ఆట కలవకపోవడానికి కారణం ఎక్కడుందో వరుసక్రమంలో గుర్తించగలుగుతారు.
• ఫైర్‌వాల్‌ను ఆపివేయకుండానే ఆటకు అవసరమైన పోర్టును తెరవగలుగుతారు.
• మొబైల్ డేటాపై పోర్టు ఫార్వార్డింగ్ తరచుగా ఎందుకు పనిచేయదో వివరించగలుగుతారు.

9.1 పరిచయం

ఆన్‌లైన్ ఆట కలవనప్పుడు చాలామంది మొదట ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేస్తారు. అలా చేసినా ఆట కలుస్తుందన్న నమ్మకం లేదు. కానీ మీరు బ్యాంకు లావాదేవీలు చేసే, అసైన్‌మెంట్లు దాచుకునే కంప్యూటర్ మాత్రం రక్షణ కోల్పోతుంది. కాబట్టి దోషం ఏ అంచెలో ఉందో తెలుసుకున్న తరువాతే మార్పు చేయాలి.

ఉదాహరణకు, శబరి నది ఒడ్డున ఉన్న చింతూరులో ఒక ఇంటిని ఊహించుకోండి. ఆ ఇంట్లో సిమ్ కార్డుతో పనిచేసే 4జీ రౌటర్, దాని వైఫైతో నడిచే ఒక విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ సర్వర్ నడుస్తోంది. భద్రాచలంలో ఉన్న మిత్రుడు అందులో చేరలేకపోతున్నాడు. కారణం ఏమిటి?

9.2 ఫైర్‌వాల్, నాట్ పనిచేసే తీరు

మీ కంప్యూటర్ అడిగినదానికి బయటి నుంచి వచ్చే జవాబును ఫైర్‌వాల్ లోపలికి రానిస్తుంది. అడగకుండా వచ్చినదాన్ని ఆపుతుంది. అందుకే కంపెనీ సర్వర్లలో ఆడే ఆటలు సాధారణంగా ఏ మార్పూ లేకుండా కలుస్తాయి. మీ కంప్యూటరే సర్వర్ అయినప్పుడు ఇబ్బంది మొదలవుతుంది.

రౌటర్‌లోని నాట్ వల్ల ఇంట్లోని పరికరాలన్నీ బయటికి ఒకే చిరునామాతో కనిపిస్తాయి. బయటి నుంచి కొత్తగా వచ్చిన అభ్యర్థనను ఏ పరికరానికి పంపాలో రౌటర్‌కు చెప్పే నియమమే పోర్టు ఫార్వార్డింగ్.

9.3 దోషాన్ని గుర్తించే వరుస

1. జాప్యమా, అడ్డంకా? ఆట కలిసి, ఆలస్యంగా స్పందిస్తుంటే సాధారణంగా అది ఫైర్‌వాల్ దోషం కాదు. సర్వర్ సింగపూర్‌లో ఉన్న ఆటను చింతూరు నుంచి ఆడుతున్నారనుకోండి. దూరం సుమారు 3,000 కి.మీ. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. అంటే పోయిరావడానికే దాదాపు 30 మిల్లీసెకన్లు పడుతుంది. ఏ సెట్టింగూ దీన్ని తగ్గించలేదు.

2. ల్యాప్‌టాప్: అదే వైఫైలోని మరో కంప్యూటర్ నుంచి చేరి చూడండి. చేరలేకపోతే ముందుగా ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్‌ను అనుమానించండి. ఇంటి వైఫైని ‘ప్రైవేట్’ నెట్‌వర్క్‌గా ఎంచుకుని, టీసీపీ 25565 పోర్టుకు మాత్రమే అనుమతి ఇవ్వండి.

3. రౌటర్: ల్యాప్‌టాప్‌కు 192.168.1.10 వంటి స్థిరమైన లోపలి చిరునామా కేటాయించి, 25565 పోర్టును దానికి ఫార్వార్డ్ చేయండి. ఫలితాన్ని వేరే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి పరీక్షించండి.

4. సేవాసంస్థ: రౌటర్ స్థితి పేజీలో కనిపించే బయటి చిరునామాను, మీ చిరునామాను చూపే వెబ్‌సైట్‌లోని దానితో పోల్చండి. రెండూ వేరుగా ఉంటే మీకూ ఇంటర్నెట్‌కూ మధ్య మరో నాట్ ఉంది. రౌటర్ చిరునామా 100.64.0.0 – 100.127.255.255 మధ్య ఉంటే అది సేవాసంస్థ నాట్ అని గుర్తు. ఈ శ్రేణిని 2012లో దీనికోసమే కేటాయించారు.

మన ఉదాహరణలో మొదటి మూడు అంచెలూ సరిగానే ఉన్నాయి, చిరునామాలు మాత్రం వేరుగా ఉన్నాయి అనుకుందాం. అప్పుడు అడ్డంకి ఇంటి బయటే ఉంది. ఐపీవీ4 చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లే. అందువల్ల సేవాసంస్థలు ఒకే చిరునామాను అనేకమందికి పంచుతాయి. ఆ నాట్‌పై మీకు అధికారం లేదు కనుక ఇంట్లో ఎన్ని పోర్టులు తెరిచినా ఫలితం ఉండదు.

9.4 పరిష్కార మార్గాలు

• ఇద్దరికీ ఐపీవీ6 ఉంటే దాని ద్వారా కలవడం. అప్పుడు కూడా ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టుకే అనుమతి ఇవ్వాలి.
• సేవాసంస్థను పబ్లిక్ చిరునామా కోరడం.
• ఇద్దరూ ఒకే వీపీఎన్‌లో చేరడం.
• ఆటను అద్దె సర్వర్‌లో నడపడం.

ఆట ముగిశాక తెరిచిన పోర్టును మూసివేయడం మరవకండి.

9.5 సారాంశం

ల్యాప్‌టాప్, రౌటర్, సేవాసంస్థ – ఈ వరుసలో పరీక్షిస్తే దోషం ఉన్న అంచె తెలుస్తుంది. ఫైర్‌వాల్‌ను ఆపడం పరిష్కారం కాదు. అవసరమైన ఒక్క దారిని, అవసరమైనంతసేపే తెరవాలి.

9.6 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కంపెనీ సర్వర్‌లోని ఆట కలిసి, మీ ఇంటి సర్వర్‌లోని ఆట కలవకపోవడానికి కారణం ఏమిటి?
2. మీ రౌటర్ బయటి చిరునామా 100.72.5.9 అయితే పోర్టు ఫార్వార్డింగ్ పనిచేస్తుందా? ఎందుకు?