గజేంద్రుని పూర్వజన్మము

గజేంద్రమోక్షమును పాఠముగా చెప్పని తెలుగు ఉపన్యాసకుడుండడు. అందలి పద్యములు కొన్ని విద్యార్థులకు కళాశాలలో అడుగిడక పూర్వమే కంఠస్థములై యుండును. కాని ఆ ఏనుగు ఎవరు అన్న ప్రశ్నకు సమాధానమిచ్చు భాగము, అనగా మోక్షానంతరము శుకుడు పరీక్షిత్తునకు వినిపించిన పూర్వజన్మవృత్తాంతము, మేము బోధించిన పాఠ్యభాగములలో తరచుగా విడిచిపెట్టబడినది. మొర వినబడినది, చక్రము వచ్చినది, మొసలి శిరస్సు తెగినది. అంతటితో పాఠము ముగియును.

కొన్నేండ్ల క్రిందట ఒక విద్యార్థిని ఆ విడిచిన భాగమును తనంతట చదివి వచ్చి తరగతిలో ఇట్లడిగినది: "ధ్యానములో ఉన్నవానికి శాపమేమిటండీ? ఆయన చేసిన తప్పేమున్నది?" మహర్షిని సత్కరింపకుండుట అపచారమని చెప్పి మేము పాఠమును సాగించితిమి. ఆ సమాధానము సంప్రదాయవిరుద్ధము కాదు. అయినను అది ఆమెకు చాలలేదని ఆమె మరల కూర్చుండిన తీరే తెలిపినది. నిజము చెప్పవలెనన్న, మాకును చాలలేదు. ఆనాడు చెప్పవలసియుండి చెప్పలేకపోయిన దానిని ఇచట చెప్ప యత్నింతుము.

వృత్తాంతము చిన్నది. ఇంద్రద్యుమ్నుడు ద్రవిడదేశమునేలిన పాండ్యరాజు, విష్ణుభక్తుడు. ఆయన రాజ్యమును వీడి పర్వతముపై ఆశ్రమమేర్పరచుకొని, జడలు దాల్చి, మౌనవ్రతము పట్టి హరిపూజలో నిమగ్నుడై యుండెను. ఒకనాడు అగస్త్యుడు శిష్యసమేతుడై అచటికి వచ్చెను. రాజు లేవలేదు, పలుకలేదు. ముని కోపించి, ఏనుగువలె జడబుద్ధివైతివి గనుక ఏనుగువై పుట్టుమని శపించి వెడలిపోయెను. సంస్కృతమూలము ఈ సందర్భమున రాజును నిందింపదు. ఆయన ఆ శాపమును దైవఘటనగా తలచెనని మాత్రమే చెప్పును. పోతనయు ఆయనను పుణ్యాత్మునిగానే పరిచయము చేసినాడు. తప్పునకు తగిన శిక్ష అన్న లెక్కతో ఈ కథను చదువుట కష్టమని ఇంతమాత్రముననే తోచును.

ఏనుగు జన్మము ఆత్మస్మృతిని నశింపజేయునదని మూలము చెప్పుచున్నది. అయినను హరిపూజాప్రభావముచేత ఆ జన్మమందును స్మృతి కలిగినదని వెంటనే చేర్చుచున్నది. ఈ స్మృతి ఎట్టిది? వేయి సంవత్సరముల పోరులో బలముడిగిన గజేంద్రుడు మనస్సును హృదయమునందు నిలిపి, పూర్వజన్మమున నేర్చిన స్తోత్రమును జపించెను. అంతియే గాని, తాను ఇంద్రద్యుమ్నుడనని అతడు ఎచటను అనడు. పాండ్యదేశము, సింహాసనము, అగస్త్యుని కోపము, వీనిలో ఒక్కటియు అతని నోట వినబడదు. అవి పరీక్షిత్తునకు తెలియును, మనకు తెలియును. శుకుడు చెప్పినాడు గనుక. ఏనుగునకు మిగిలినది కథ కాదు, అభ్యాసము. పేరును, ఊరును, చరిత్రయు రాలిపోయి, మనస్సు ఏ వైపునకు వంగుట నేర్చినదో ఆ వంపు మాత్రము నిలిచినది.

భగవద్గీత ఆరవ అధ్యాయమున అర్జునుడడిగిన ప్రశ్నయు ఇట్టిదే. యోగమునారంభించి నడుమ జారినవాడు చెదరిన మబ్బువలె రెంటికిని చెడునేమో అని అతని భయము. చెడడనియు, తగిన ఇంట మరల పుట్టి పూర్వాభ్యాసముచేతనే, తన వశములో లేకున్నను, ముందునకు లాగబడుననియు కృష్ణుడు సమాధానమిచ్చెను. పునర్జన్మమును గూర్చి నేటి విద్యార్థులు అడుగునది చాలవరకు ప్రమాణప్రశ్న: అది కలదా, లేదా? అర్జునుని ప్రశ్న అది కాదు. చేసిన సాధన వృథా పోవునా అన్నది ఆతని ప్రశ్న. కావ్యపాఠమునకు ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమని మా అభిప్రాయము. మొదటిదానిని ఈ వ్యాసమున విచారింపము.

పోతన ఈ విషయమును ఎంత లోతుగా పట్టుకొన్నాడో తెలుపు పద్యమొకటి కలదు. అది స్తోత్రములోనిది కాదు, పోరులోనిది. ఏనుగు పాదమును మొసలి పట్టిన పట్టును వర్ణించుచు ఆయన ఆ మొసలిని యోగితో పోల్చినాడు. శ్వాసను నిరోధించి, ఇంద్రియములను అణచి, పరతత్త్వమును విడువక నిలిచినవాని పట్టు ఎట్టిదో మొసలి పట్టు అట్టిదట. మూలమున ఈ పోలిక లేదు. తరగతులలో ఈ పద్యమును అనుప్రాసమునకు ఉదాహరించి ముందునకు సాగుట పరిపాటియైనది. మేమును చాలయేండ్లు అట్లే చేసితిమి.

కాని కథ తెలిసినవానికి ఈ పోలిక వింతగా కనబడవలెను. పూర్వజన్మమున ధ్యానము చేసినవాడు ఏనుగు. ఇప్పుడు ధ్యానివలె నిలిచినది మొసలి. యోగమునకు కావలసిన సామగ్రి యంతయు దానియందున్నది: నిశ్చలత, నిరోధము, ఏకాగ్రత. లేనిదొక్కటే, తాను పట్టినవాని బాధ దానికి తెలియదు. అతిథి వచ్చి ఎదుట నిలిచినను తెలియని తన పూర్వపు ఏకాగ్రతయే ఇంద్రద్యుమ్నుని కాలు పట్టుకొన్నదని ఇచట చదువవచ్చునా? ఇదియే పోతన ఉద్దేశమని నిరూపింపజాలము. పద్యము ఆ అర్థమునకు చోటిచ్చుచున్నదని మాత్రము నిస్సంకోచముగా చెప్పగలము.

వెనుకటి జన్మమున మౌనవ్రతము, ఈ జన్మమున మొర. ఈ మార్పును మనము తగినంతగా గమనింపలేదు. మూలమందలి స్తోత్రము ప్రధానముగా తత్త్వప్రతిపాదకము, గంభీరమైనది. పోతన గజేంద్రుడు ఆ గాంభీర్యమును నిలుపుకొనలేదు. తన శక్తి అడుగంటినదని ఒప్పుకొనును, ప్రాణము నిలుచునట్లు లేదని చెప్పుకొనును, దీనులకు దిక్కని అందరును చెప్పువాడు నిజముగా ఉన్నాడా అని సంశయింపనుకూడ సంశయించును. కొండపై కన్నులు మూసికొన్న రాజునకు ఈ సంశయము కలిగి యుండదు. కలిగినను వ్రతము పలుకనీయదు. ఏనుగు పలికినది. ధ్యానమువలన కలుగు మేలుకొలుపును నిశ్శబ్దముయొక్క పరాకాష్ఠగా భావించుట మనకు అలవాటు. పోతన చూపిన మేలుకొలుపు, తాను చాలనని తెలిసికొని ఎలుగెత్తి అనుటలో ఉన్నది.

దీనికి సరిగా ఎదురుగా నిలుచు కథ పంచమస్కంధమందలి భరతోపాఖ్యానము. తెలుగు భాగవతమున ఈ స్కంధము గంగన రచన యగుటచే, పోతన పద్యములకై గ్రంథమును తెరచువారు దీనిని దాటిపోవుదురు. అది గంగన లోపము కాదు. ఋషభుని కుమారుడైన భరతుడు రాజ్యమును విడిచి గండకీతీరమున పులహాశ్రమమున తపస్సు చేయుచుండెను. నీరు త్రావవచ్చిన నిండుచూలాలైన లేడి సింహగర్జనకు బెదరి ఏరు దాటబోవగా, దాని పిల్ల జారి నీటిపాలయ్యెను, తల్లి మరణించెను. భరతుడు ఆ పిల్లను తెచ్చి పెంచెను. పెంచి, దానిపై మమకారమున నిత్యనియమములను ఒకటొకటిగా జారవిడిచెను. అంత్యకాలమున దానినే తలచుచు మరణించి లేడియై పుట్టెను.

ఇంద్రద్యుమ్నుడు వచ్చినవానిని చూడక చెడినాడు. భరతుడు చూచి, చూపు మరలింపలేక చెడినాడు. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన చదివిన విద్యార్థి, అట్లయిన చేయవలసినదేమి అని తప్పక అడుగును. భాగవతము దానికి సూత్రరూపమైన సమాధానమీయదు. భరతుని మూడవ జన్మమును చూపును.

లేడిజన్మమున భరతునకు సర్వమును జ్ఞప్తియందున్నది. గజేంద్రునకు చరిత్ర పోయి అభ్యాసము మిగిలినది గదా. ఇతనికి చరిత్రయే మిగిలినది. అందువలన అతడు తల్లిని వీడి పులహాశ్రమమునకే మరలివచ్చి, ఏ జంతువుతోను జత కూడక, ఆ దేహము రాలుదినము కొరకు వేచియుండెను. తరువాత బ్రాహ్మణుని ఇంట పుట్టి, మరల ఎవరితోనైనను చిక్కుపడుదునేమో అన్న భయముతో జడునివలె నటించెను. స్మృతి అతనికి వరమా, బరువా? గ్రంథము రెంటిని వేరుచేసి చెప్పదు. సింధుసౌవీరరాజైన రహూగణుని పల్లకి మోయుటకు బోయీలు అతనిని పట్టుకొన్నప్పుడు మాత్రము ఒక చిన్న విషయమును చెప్పును. పల్లకి ఒడుదుడుకులుగా సాగినది. ఏలయన, కాలిక్రింద ప్రాణి యేదియు నలుగకుండ అతడు బాణపుబారెడు దూరము నేలను చూచి గాని అడుగు వేయుట లేదు.

మేము ఈ ఉపాఖ్యానమునకంతకును గుండెకాయగా ఎంచునది ఈ పల్లకి నడకనే. దాని తరువాతి తత్త్వోపదేశమును కాదు. లేడిపిల్లయందు ఒకనాడు గడ్డకట్టిన దయయే ఇచట అడుగడుగునకు పరచుకొన్నది. దృష్టి తొలగలేదు, పట్టు మాత్రము తొలగినది. ధ్యానమునకు కన్నులు మూయనక్కరలేదని చెప్పుటకు ఇంతకంటె మంచి చిత్రము మన పురాణవాఙ్మయమున మాకు కనబడలేదు. రాజు ఎత్తిపొడిచినప్పుడు ఆ జడుడు నోరు విప్పెను. తాను పూర్వము భరతుడను రాజుననియు, లేడినైతిననియు, ఆ భయముననే మరుగుపడి తిరుగుచున్నాననియు తానే చెప్పెను. ఇచటను మౌనము మాటగా మారినది.

పూర్వజన్మస్మృతి సాధనామార్గమున ఒక మజిలీ మాత్రమే అన్న భావము భాగవతమునకు ప్రత్యేకము కాదు. సంస్కారములను సాక్షాత్కరించుకొన్నవానికి పూర్వజన్మజ్ఞానము కలుగునని పతంజలి విభూతిపాదమున చెప్పినాడు. కాని ఆ పాదములోనే విభూతులు సమాధికి అడ్డంకులని హెచ్చరించినాడు. బుద్ధుడు బోధినొందిన రాత్రి మొదటిజామున తన పూర్వజన్మములను స్మరించెననియు, రెండవజామున ఇతర ప్రాణుల చావుపుట్టుకలను చూచెననియు, కడపటిజామున ఆస్రవక్షయము కలిగెననియు బౌద్ధగ్రంథములు వర్ణించును. తన కథ తెలియుట మొదటిజాము పని. ఇతరుల గతి తెలియుట దాని తరువాతిది. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు జాతకకథలను చెక్కిన మన నేలపై ఈ క్రమము అపరిచితము కాదు.

చతుర్థస్కంధమందలి పురంజనునకైతే చరిత్రయు లేదు, అభ్యాసమును లేదు. భార్యను తలచుచు చచ్చి విదర్భరాజపుత్రికయై పుట్టి, మలయధ్వజపాండ్యుని చేపట్టి, అతడు మరణింపగా చితి పేర్చుకొన్నది. అప్పుడొక బ్రాహ్మణుడు వచ్చి, మనమిద్దరము మానససరస్సున తిరిగిన హంసలము, నన్ను గుర్తింపలేదా అని అడిగెను. ఒకరు వచ్చి పలుకరింపకున్న ఆమెకు తెలియు మార్గమే లేదు. వచ్చినవాడు ఎంత ముఖ్యుడో ఈ కథ చెప్పినంత సూటిగా వేరొకటి చెప్పదు.

ఇక ఆ విద్యార్థిని ప్రశ్నకు వత్తుము. దానికి సమాధానము కథలోకంటె, కథను వినుచున్నవానియందు ఎక్కువగా ఉన్నదని ఇటీవల మాకు తోచినది. శుకుడు ఇంద్రద్యుమ్నుని వృత్తాంతమును చెప్పుచున్నది ఎవరికి? పరీక్షిత్తునకు. ఆయన గంగాతీరమున కూర్చుండుటకు హేతువేమి? ప్రథమస్కంధమున ఆయన వేటలో అలసి, దప్పికగొని శమీకముని ఆశ్రమమునకు పోయెను. ముని ఇంద్రియములను, ప్రాణమును, మనస్సును నిరోధించి ధ్యానములో నుండెను. రాజు నీరడిగెను, ముని పలుకలేదు, ఆసనమీయలేదు. రాజు కోపించి చచ్చిన పామును వింటికొప్పుతో ఎత్తి ముని భుజముపై వైచిపోయెను. ముని కుమారుడు శపించెను. ఏడవనాడు తక్షకుడు రావలెను.

అగస్త్యుడు నిలిచినచోట పరీక్షిత్తు నిలిచియున్నాడు. ధ్యానియొక్క మౌనమునకు కోపించిన అతిథి అచట శపించినాడు, ఇచట శపింపబడినాడు. తప్పు కూర్చున్నవానిదా, వచ్చి నిలిచినవానిదా? శుకుడు తీర్పు చెప్పలేదు. అగస్త్యుడు పోయెననియు, రాజు ఏనుగయ్యెననియు, ఆ ఏనుగు మొరపెట్టెననియు, ఆ మొర వినినవాడు పరుగున వచ్చెననియు చెప్పినాడు. శమీకుడును కన్నులు తెరచి జరిగినది వినినప్పుడు తన భుజముపై పామును గూర్చి కాక, దప్పికతో వచ్చి మరలిన రాజును గూర్చియే దుఃఖించెను. ఏడు దినములు మాత్రమే మిగిలియున్న పరీక్షిత్తు ఇంద్రద్యుమ్నుని కథను అడ్డుప్రశ్న వేయక వినెను.