పాటలో మెల్లని పలుకును కాపాడుట



పాటను పదిలపఱచుకొనుటకు నేడు స్టూడియోకే పోనక్కఱలేదు. ఇంటనున్న కంప్యూటరును, ఒక మైకును ఉన్నచో అమ్మమ్మ పాడెడి మంగళహారతిని కలకాలము దాచుకొనవచ్చును. గొంతును, తంబురను, మృదంగమును వేఱువేఱుగా రికార్డు చేసి యొకటిగా కలుపుటకు మిక్సింగని పేరు. ఇట్లు కలిపినప్పుడు తఱచుగా నొక లోపము తోచును. తారస్థాయిలో గొంతు చెవులు గింగురుమనునట్లు మ్రోగును. చరణాంతమున మెల్లగా పలికిన మాట మృదంగధ్వనిలో మునిగిపోవును. మాట వినబడని పాట యెంత మధురమైనను ఫలమేమి? ఈ లోపమును దిద్దుటకే కంప్రెషనను ప్రక్రియ యేర్పడినది.

రేడియో వినుచు, ధ్వని హెచ్చినప్పుడెల్ల మీటను త్రిప్పి తగ్గించుట మనమెఱిగినదే. కంప్రెసరు చేయుపనియు నిదియే. మన చేతికంటె మిక్కిలి వేగముగా చేయును. 1930 దశకముననే రేడియో ప్రసారములందు ఇట్టి యంత్రములను వాడిరి. 1967లో అమెరికాయందు బిల్ పట్నం రూపొందించిన 1176 అను కంప్రెసరు నేటికిని ప్రసిద్ధమై యున్నది. ఇప్పుడా పనిని సాఫ్టువేరు చేయుచున్నది. ఉచితముగా లభించు ఆడాసిటీలోను ఈ సాధనము కలదు.

ఇందు మొదట తెలియవలసినవి రెండు. ధ్వని యే హద్దు దాటినప్పుడు తగ్గింపవలెనో తెలుపునది త్రెషోల్డు. ఎంత తగ్గింపవలెనో తెలుపునది రేషియో. కంప్యూటరులో ధ్వనికి పైహద్దు 0 డెసిబెల్. దానికి దిగువనున్నవన్నియు ఋణసంఖ్యలు. త్రెషోల్డు −20, రేషియో 4:1 అనుకొందము. గొంతు −8 వఱకు లేచినచో హద్దు దాటినది 12. అందు నాల్గవవంతగు 3 మాత్రమే మిగిలి, ధ్వని −17కు దిగును. −22 వద్దనున్న మెల్లని మాట మాత్రము చెక్కుచెదరదు. పిమ్మట మేకప్ గెయినుతో మొత్తమును 9 డెసిబెల్లు పైకెత్తినచో, పెద్దధ్వని మరల −8కి చేరును. మెల్లని మాట −13కు వచ్చును. రెంటికిని నడుమ 14 ఉన్న యంతరము 5 అయినది. మునిగిన మాట తేలినది!

ఇక అటాక్, రిలీజ్ అనునవి కాలమునకు సంబంధించినవి. మృదంగమునకు అటాక్ 1 మిల్లీసెకనుంచినచో దెబ్బ మొద్దుబాఱును. 20 లేక 30 ఉంచినచో దాని పదును నిలుచును. రిలీజ్ మిక్కిలి త్వరితమైనచో ఊపిరి చప్పుడు మాటిమాటికి ఎగసిపడును. మిక్కిలి ఆలస్యమైనచో పెద్దధ్వని తరువాత వచ్చు మెల్లని మాటయు నణగిపోవును.

అభ్యాసమెట్లన, మొదట రేషియోను 10:1 వఱకు పెంచి, త్రెషోల్డును బాగుగా దించి, ఒక్కొక్క మీటను త్రిప్పుచు వినుడు. మార్పు చెవికి స్పష్టముగా పట్టువడినపిదప 2:1 లేక 3:1కు తగ్గింపుడు. అనంతరము కంప్రెసరు ఉన్నప్పుడును, లేనప్పుడును ధ్వనిబిగ్గఱదనమును సమముచేసి పోల్చుడు. ఇది ముఖ్యము. ఏలయన, బిగ్గఱగా వినబడునదే మేలైనదని చెవి భ్రమించును.

ఈ భ్రమచేత నిపుణులును మితిమీఱుట కలదు. మెటాలికా బృందము 2008లో వెలువరించిన డెత్ మాగ్నెటిక్ అను ఆల్బమున ధ్వని మితిమీఱి నొక్కబడినదని శ్రోతలే మొఱపెట్టిరి. హెచ్చుతగ్గులే పాటకు ప్రాణము. వానిని పూర్తిగా చదునుచేసినచో జోలపాటయు, పెండ్లిపాటయు నొక్కతీరుననే మ్రోగును.

మఱియొక మాట. మేకప్ గెయిను గొంతుతోపాటు ఫ్యాను రొదను గూడ పైకెత్తును. కావున రికార్డు చేయుటకు ముందే దానిని ఆపుడు. మూలమగు రికార్డును ముట్టక, దాని నకలుమీదనే పనిచేయుడు. కూర్పు చెడినచో మరల కూర్చుకొనవచ్చును; పెద్దల కంఠమును మాత్రము మరల తెచ్చుకొనలేము.